నాలుగడుగుల స్థానచలనం

సామర్లకోట స్టేషను వెనక వీధిలో గవర్రాజు అని ఒక లేడీస్ టైలరున్నాడు. జాకెట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఎంత బిగుతైన జాకెట్టు తెచ్చిచ్చినా పక్కకుట్లు విప్పి, అంగుళం వదిలి, మర్నాటికి సరిపోయేలా చేసిచ్చేవాడు. కావాలనుకుంటే లోకంలో ఎక్కడైనా అంగుళం వదులు చేసుకోవచ్చని నలభై ఎనిమిదేళ్ళపాటు నమ్మాడు. ఆ నమ్మకం పోయినేడాదే పోయింది.

ఆ మార్చి నెలలో ఆయన భార్య వీరవేణి పెద్దాపురం బస్సు దిగుతుండగా డ్రైవరు బండి కదిపేశాడు. వెన్నుపూస దెబ్బతింది. మూణ్ణెల్లు కాకినాడ ఆసుపత్రిలో ఉండి, ఇంటికి చక్రాల కుర్చీలో వచ్చింది. కాళ్ళు ఇక మాట వినవని డాక్టరు చెప్పినప్పుడు కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "చేతులు వింటాయి కదండీ" అంది. వారం తిరక్కుండా కుర్చీని తనే తోసుకోవడం నేర్చుకుంది. ముందు గదిలో తిరిగింది. మిషను దగ్గరికొచ్చి హుక్కులు కుట్టింది. మధ్యగదిలోంచి వెనక వసారాలోకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

వంటగది ఆ వసారాకి అవతల ఉంది. దాని గుమ్మానికి తలుపుల్లేవు, చట్రం లేదు, గవర్రాజు కుట్టిన పువ్వుల తెర ఒకటే ఉంది. గవర్రాజు మెళ్ళో టేపు తీసి గుమ్మాన్ని కొలిచాడు. ఇరవై అయిదు అంగుళాలు. కుర్చీని కొలిచాడు. ఇరవై ఆరు. మళ్ళీ గుమ్మాన్ని కొలిచాడు. గోడకి పక్కకుట్లుండవు కాబట్టి అది ఇరవై అయిదే ఉంది.

"నేనెత్తుకుని తీసుకెళ్తా" అన్నాడు.

"బియ్యం బస్తానా నేను?" అంది వీరవేణి. "నా వంటింట్లోకి నేను వెళ్తే వెళ్తాను, లేకపోతే లేదు."

అప్పట్నుంచి వంట గవర్రాజుది, అజమాయిషీ ఆవిడది. వసారాలో తెర పక్కకి లాగించి కూచుని, "ఆవాలు చిటపటలాడాయా? నాకు వినపడలేదే" అనేది. "చింతపండు అంతా? అది చారా, కషాయమా?" అనేది. గవర్రాజు చేసిన ఉప్మాని గరిటెతో కాక కత్తెరతో తియ్యాల్సొచ్చేది. అయినా ఇద్దరూ తిన్నారు. ఒక మధ్యాహ్నం మాత్రం ఆయన మిషను ఆపి లోపలికొచ్చి చూస్తే, వీరవేణి గుమ్మం బయట ఒక్కతే కూచుని వంటింట్లోకి చూస్తోంది. చప్పుడు చెయ్యకుండా ఏడుస్తోంది. ఆయన్ని చూడగానే ముఖం తుడుచుకుని, "ఆ మూడో డబ్బా మూత సరిగ్గా పెట్టలేదు. చీమలెక్కుతాయి" అంది.

గవర్రాజు ఆ సాయంత్రమే మేస్త్రీ అప్పలకొండని పిలుచుకొచ్చాడు.

అప్పలకొండ గోడని వేళ్ళతో కొట్టి చూశాడు. "కుడిపక్క ఇంటి స్తంభముంది, ముట్టుకోకూడదు. ఎడంపక్క అడుగు తీసేద్దాం. పైన చిన్న లింటలు పోస్తాను. అమ్మగారు కుర్చీ తోసుకుని రాణీగారిలా వెళ్ళిపోతారు. రెండ్రోజుల పని." అని, ఆగి, "ఇదో?" అన్నాడు.

ఇదంటే గ్యాసు మీటరు. రెండేళ్ళ కిందట వీధిలో గొట్టాలేసినప్పుడు కంపెనీవాళ్ళు వచ్చి, గుమ్మానికి ఎడంపక్క, అంచుకి రెండువేళ్ళ దూరంలో, మనిషి ఛాతీ ఎత్తున దాన్ని బిగించి వెళ్ళారు. అక్కడే ఎందుకని ఎవరూ అడగలేదు. పెట్టినతను కూడా డ్రిల్లు వైరు అందినంత దూరం వచ్చి ఆగాడంతే.

"దాన్ని అటు నాలుగడుగులు జరిపించండి. ఖాళీ గోడే కదా. జరిపిన మర్నాడు పని మొదలెడతాను" అన్నాడు అప్పలకొండ.

మర్నాడు గవర్రాజు గ్యాసు కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ స్థానచలనాల అధికారి ప్రభంజనరావుగారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా. ఆయన బల్ల మీద ఏ కాగితమూ అంచు దాటి ఒక్క నూలుపోగు బయటికి ఉండదు. వెనక గోడకి 'భద్రతే మా ఊపిరి' అని పెద్ద బోర్డు. ఊపిరి మీద ఏసీ గాలి కొడుతోంది.

"మీటరు జరపాలండి" అన్నాడు గవర్రాజు.

"జరపడం అనే పదం మా నిబంధనావళిలో లేదు" అన్నారు ప్రభంజనరావుగారు సౌమ్యంగా. "స్థానచలనం అంటాం. కారణం?"

"మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళాలండి."

"వెళ్ళమనండి. సంస్థకి అభ్యంతరం లేదు."

"కుర్చీ పట్టదండి. చక్రాల కుర్చీ."

"కుర్చీ మా పరిధిలోకి రాదు." ఆయన ఒక పత్రం ముందుకి తోశారు. స్థానచలన కారణం అన్నచోట నాలుగు గళ్ళున్నాయి. ఇల్లు కూలిపోవుట. రోడ్డు వెడల్పగుట. ప్రకృతి వైపరీత్యం. ఇతరములు (వివరించరాదు).

గవర్రాజు నాలుగో గడిలో టిక్కు పెట్టి, అలవాటు కొద్దీ వివరించబోయాడు. ప్రభంజనరావుగారు వేలెత్తి ఆపారు.

"కొత్త స్థానం గుమ్మానికి మూడడుగుల దూరంలో ఉండాలి. పదిహేడో నిబంధన."

"ఇప్పుడున్నది రెండువేళ్ళ దూరంలో ఉందండి."

"అది స్థాపన. స్థాపన నియమాలు వేరు, స్థానచలన నియమాలు వేరు. పెట్టినచోట ఉన్నంతకాలం మీటరు క్షేమం. కదిల్తేనే ప్రమాదం. మనుషులైనా అంతే కదా" అన్నారు.

గవర్రాజుకి బస్సు గుర్తొచ్చింది.

తనిఖీకి జోగారావు అనే ఆయన వచ్చాడు. చేతిలో టేపు, మెళ్ళో కార్డు, ముఖంలో మంచితనం. గవర్రాజు అప్పటికే వసారా గోడ మీద కుట్టు సుద్దతో గుర్తు పెట్టి ఉంచాడు. ఇదుగో ఇక్కడిదాకా గుమ్మం వస్తుంది, అక్కణ్ణుంచి మూడడుగులకి మీటరు. జోగారావు కొలిచాడు, తలూపాడు, కాఫీ తాగాడు, కాగితం మీద ఒక వాక్యం రాశాడు.

'ప్రతిపాదిత గుమ్మం క్షేత్రస్థాయిలో కనబడలేదు.'

"అదేంటండీ?" అన్నాడు గవర్రాజు.

"లేదు కదండీ మరి. నన్నడక్కండి, నేను కొలిచేవాణ్ణంతే. ఉన్నదాన్నుంచి ఉన్నదానికి కొలుస్తాను."

గవర్రాజు మళ్ళీ ఆఫీసుకి పరిగెత్తాడు.

"గుమ్మం పగలగొడతానండి, మీటరు తియ్యండి."

"గుమ్మం లేనిదే మీటరు తియ్యం" అన్నారు ప్రభంజనరావుగారు.

"మీటరు తియ్యనిదే గుమ్మం పగలదండి."

"మీటరున్న గోడని పగలగొట్టడం నేరం. ఇరవై రెండో నిబంధన."

"మరేం చెయ్యమంటారు?"

ప్రభంజనరావుగారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. అది నటన కాదు. ఆ మనిషికి నిజంగానే సాయం చెయ్యాలని ఉంది, నిబంధనలు అనుమతించినంత మేరకు. కళ్ళు తెరిచేసరికి ముఖంలో వెలుగొచ్చింది.

"గవర్రాజుగారూ, మీరు సమస్యని గోడ వైపు నుంచి చూస్తున్నారు. మీటరు వైపు నుంచి చూడండి. మీటరు కదలకూడదు. సరే. గోడ కదలకూడదని ఎక్కడుంది? మీటరు వెనక ఉన్న గోడని మాత్రం అలాగే ఉంచి, చుట్టూ ఉన్న గోడని తొలగించండి. దాన్ని మేం గోడ పగలగొట్టడం అనం. మీటరుకి అవకాశం కల్పించడం అంటాం. అప్పుడు గుమ్మం క్షేత్రస్థాయిలో కనబడుతుంది. కొలుస్తాం. స్థానచలనం మంజూరవుతుంది."

"రాసిస్తారా?"

"రాయకుండా నేను మంచినీళ్ళు కూడా తాగను" అన్నారాయన. రాసిచ్చారు.

అప్పలకొండ ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు. చదవడం రాక కాదు. "ముప్పై ఏళ్ళబట్టి గోడలు కడతన్నాను, కూలుస్తన్నాను బాబూ. గోడని మీటరుకి తొడుగులాగ చెక్కమన్నోళ్ళు మీరే."

జోగారావు వచ్చి గ్యాసు ఆపి, మీటరుకీ పొయ్యికీ మధ్యనున్న గొట్టం విప్పి పట్టుకెళ్ళాడు. గొట్టం మీద నిబంధన లేదట, మీటరు మీదే ఉందట. అప్పలకొండ పైన లింటలు పోసి, రెండ్రోజులు ఉలితో గోడ చెక్కాడు. మూడోరోజు ఉదయానికి గుమ్మం తయారైంది. గుమ్మం మధ్యలో అయిదడుగుల ఎత్తున, పధ్నాలుగు అంగుళాల వెడల్పున ఇటుక స్తంభం, దాని ఛాతీ మీద పతకంలా గ్యాసు మీటరు. కుడిపక్క దారి ఎప్పట్లాగే ఇరవై అయిదు అంగుళాలు. ఎడంపక్క దారి పన్నెండు.

వీరవేణి కుర్చీ తోసుకొచ్చి రెండు దారులూ చూసింది. "పెద్దది మీకు, చిన్నది పిల్లికి. బాగుంది. నాకేదండీ?"

"రేపొచ్చి తీసేస్తారు" అన్నాడు గవర్రాజు. కరెంటు పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు.

మర్నాడు జోగారావు కొలిచాడు. కొత్త గుమ్మం అంచు నుంచి, గవర్రాజు మళ్ళీ కొలిచి గీసిన సుద్ద గుర్తుకి సరిగ్గా మూడడుగులు. ముగ్గురూ సంతోషించారు. జోగారావు రాయడానికి కలం తీసి, స్తంభం వైపు చూసి, కలం మూత పెట్టేశాడు.

"ఇంకేముందండీ?" అన్నాడు గవర్రాజు.

"స్థానచలనం అంటే ఒక ఇంటి గోడ మీంచి అదే ఇంటి గోడ మీదికండీ. ఇదిప్పుడు..." జోగారావు స్తంభానికీ పై లింటలుకీ మధ్య ఖాళీలోంచి చెయ్యి అటూ ఇటూ ఊపాడు. "ఇది గోడ కాదండి. ఇంటిని ఎక్కడా ముట్టుకోవట్లేదు. పెద్దాయన చూడాలి."

పెద్దాయన స్వయంగా వచ్చారు. ప్రభంజనరావుగారు ఎడంపక్క సందులోంచి పట్టక, కుడిపక్క నుంచే వెళ్ళి వచ్చి, స్తంభాన్ని అన్ని వైపుల నుంచీ పరీక్షించారు. ముఖం గంభీరంగా మారింది. తన ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఏ పత్రంలోనూ లేని వస్తువుని చూస్తున్నవాడి గాంభీర్యం అది.

"ఇది స్వతంత్ర మీటరు" అని ప్రకటించారు.

"మాదేనండి" అన్నాడు గవర్రాజు.

"మీదెలా అవుతుంది? దీన్నుంచి మీ ఇంటికి గొట్టం ఉందా?"

"మీరే విప్పించారండి."

"ఉందా, లేదా?"

"లేదండి."

"మీ గోడని అంటుకుని ఉందా?"

"లేదండి."

"మరి దీనికి మీరు చుట్టూ ఉన్న పొరుగువారు మాత్రమే. సంస్థ దృష్టిలో ఇది ఆరుబయట ప్రదేశంలో నెలకొన్న మీటరు. దాని భద్రత వేరే స్థాయి." అక్కడే కుర్చీ వేయించుకుని ధ్రువపత్రం రాశారు. ఫలానా వీధిలోని ఫలానా మీటరుకు, దాని పరిసరాల్లోని ఇంటితో ఎట్టి సంబంధమూ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. ముద్ర వేసి, ఒక నకలు గవర్రాజు చేతిలో పెట్టారు. జాగ్రత్తగా దాచుకోమన్నారు.

ఆ వారంలో స్తంభానికి అటూ ఇటూ గజం దూరంలో ఇనప గొలుసు వచ్చింది. గొలుసుకి ఎర్ర బోర్డు వచ్చింది, 'నిషిద్ధ ప్రాంతం' అని. రెండు ఇసక బకెట్లొచ్చాయి. వసారాకి పైకప్పుంది కాబట్టి మీటరుకి వాన తగలదు కదా అని గవర్రాజు అంటే, ఆ పైకప్పు మీ ఇంటిది, మీటరుది కాదన్నారు. దానికో రేకు కప్పు విడిగా వచ్చింది. తొడుగు కుట్టే పని మాత్రం గవర్రాజుకే అప్పగించారు, స్థానిక నైపుణ్యాన్ని ప్రోత్సహించాలని. ఆయన రెగ్జిను తెచ్చి, మీటరుకి ఛాతీ, నడుము కొలతలు తీసుకుని, పక్కన అంగుళం వదిలి, అంచుకి ఎర్ర పైపింగు వేసి కుట్టాడు. చేతికొచ్చిన పనిని చెడగొట్టడం ఆయనకి రాదు.

గొలుసు గజం దూరంలో పడటంతో వంటింటి గుమ్మం మొత్తం నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్ళిపోయింది. అన్నం ఎలా వండుకోవాలని గవర్రాజు అడిగాడు. ప్రభంజనరావుగారు సానుభూతితో విని, 'బాధ్యతాయుత ప్రవేశం' మంజూరు చేశారు. అంటే పసుపు హెల్మెట్టు, మెరిసే చారల కోటు, రబ్బరు బూట్లు వేసుకుని, వసారాలో వేలాడదీసిన పుస్తకంలో వెళ్ళిన వేళ, వచ్చిన వేళ, ప్రవేశ ప్రయోజనం రాసి వెళ్ళొచ్చు. గవర్రాజు మొదటిరోజు 'చారు' అని రాశాడు. రెండోరోజు 'చారులో ఉప్పు' అని రాశాడు.

హెల్మెట్టు పెట్టుకుని పప్పుగుత్తి పట్టుకున్న మొగుణ్ణి చూసి వీరవేణికి నవ్వాగలేదు. దెబ్బ తగిలాక అంతలా నవ్వడం అదే మొదలు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక నవ్వు లేదు.

"కాళ్ళు పోయాయని డాక్టరు చెప్పాడండి. సరే అనుకున్నాను. ఇప్పుడు వంటిల్లు కూడా పోయిందని వీళ్ళు చెబుతున్నారు. ఇది మాత్రం నేను ఊరుకోను."

గవర్రాజు హెల్మెట్టు తీశాడు. "నేనే వెధవని. ఆయన చెప్పాడని గోడ చెక్కించాను. ఏ పుణ్యాత్ముడైనా ఒక్క సమ్మెట ఇస్తే ఇప్పుడే..."

"సమ్మెటతో కొడితే పోలీసులొస్తారు. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

ఆవిడ ధ్రువపత్రాన్ని మూడుసార్లు చదివింది. చదివి మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

ఇంతలో కంపెనీకి భద్రతా వారోత్సవాలొచ్చాయి. జిల్లా మొత్తం మీద గొలుసు, బోర్డు, బకెట్లు, కప్పు, తొడుగు, ప్రవేశ పుస్తకం అన్నీ సక్రమంగా ఉన్న మీటరు ఇదొక్కటేనట. దాన్ని 'ఆదర్శ మీటరు'గా ప్రకటించారు. మీటరు ఎవరికీ గ్యాసు ఇవ్వకపోవడం వల్ల ఇప్పటిదాకా ఒక్క ప్రమాదమూ జరగలేదని నివేదికలో ప్రత్యేకంగా రాశారు. ప్రాంతీయ అధిపతిగారు దండ తెచ్చారు. వసారాలో షామియానా గుడ్డ కట్టారు. వీధివాళ్ళంతా వచ్చారు.

ప్రభంజనరావుగారు మైకు పట్టుకున్నారు. "ఈనాడు ఇళ్ళు కట్టుకుంటున్నాం, మీటర్లు పెట్టించుకుంటున్నాం. కానీ మీటరు కోసం ఇంటిని సర్దుకున్న ఆదర్శ పౌరుడు మన గవర్రాజుగారు!"

చప్పట్లు కొట్టారు. గవర్రాజుకి శాలువా కప్పారు. ఫొటోలో అడ్డం వస్తోందని వీరవేణి కుర్చీని మాత్రం మధ్యగదిలోకి జరపమన్నారు. ఆవిడే తోసుకుని వెళ్ళింది.

అక్కడికి కంపెనీ కొత్త కనెక్షన్ల విభాగం నుంచి వచ్చిన ఉషశ్రీ అనే అమ్మాయి కరపత్రాలు పంచుతూ చేరింది. పొద్దుట్నుంచీ తిరిగినట్టుంది, చెప్పులు విడిచి గోడకి చేరబడింది.

"ఆంటీ, మీ ఇంట్లో గ్యాసు మీటరుందా?"

వీరవేణి వసారా వైపు చూసింది. మీటరుకి దండ వేస్తున్నారు.

"లేదమ్మా" అంది.

"మరి అదీ?"

వీరవేణి జాకెట్టులోంచి కాగితం తీసి ఇచ్చింది. ఉషశ్రీ చదివింది. ముద్ర చూసింది. నీరసం ఎగిరిపోయింది.

"ఎట్టి సంబంధమూ లేదు! అయితే ఆంటీ, కొత్తది పెట్టించుకోండి ప్లీజ్. ఈ వారం నలభై కనెక్షన్లు చెయ్యాలి. ముప్పై తొమ్మిదయ్యాయి. ఎవరూ దొరకట్లేదు."

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"రేపు పొద్దున్నే పెట్టేస్తాం. పేరు, ఫోను నంబరు చాలు."

"గుమ్మానికి ఎంత దూరం ఉండాలి, గోడ ఎలా ఉండాలి, ఆ లెక్కలూ అవీ..."

"అయ్యో, అవన్నీ జరిపేవాళ్ళకి ఆంటీ. కొత్త కనెక్షనుకి ఎక్కడ కావాలంటే అక్కడ."

"ఆ గోడ మీద సుద్ద గుర్తుంది చూడు. అక్కడ" అంది వీరవేణి. ఉషశ్రీ ఇచ్చిన దరఖాస్తు మీద సంతకం చేసింది.

మర్నాడు ఎనిమిదింటికి జోగారావే కొత్త మీటరు పట్టుకొచ్చాడు. చిరునామా చూసుకుంటూ లోపలికొచ్చి, గొలుసు దగ్గర ఆగి, సుద్ద గుర్తు చూసి, వీరవేణిని చూశాడు.

"నన్నడక్కండి" అన్నాడు, ఎవరూ ఏమీ అడక్కపోయినా. "నేను బిగించేవాణ్ణంతే."

డ్రిల్లు అరగంట మోగింది. వీధి గొట్టం నుంచి ఇంటికొక్కటే లైను ఉండాలి కాబట్టి స్తంభం కిందికి వచ్చే పాత లైనుని నేల దగ్గరే కోసి బిరడా బిగించాడు. అదీ నిబంధనేనట. పదిన్నరకి పొయ్యి వెలిగింది. గవర్రాజు హెల్మెట్టుతోనే వెళ్ళి వెలిగించాడు, భయం చేత.

ఇక మిగిలింది స్తంభం. దాని మీంచి మీటరుని విడదియ్యకూడదు. విడదీస్తే ఇరవై రెండో నిబంధన. అప్పలకొండ గొలుసు కింద నుంచి దూరి కూచుని, స్తంభం అడుగుని పరిశీలించాడు.

"మీటరు ఇటుకల్ని వదలకూడదు. అంతేనా?"

"అంతే."

"ఇటుకలు నేలని వదలకూడదని ఉందా?"

గవర్రాజు కంపెనీవాళ్ళిచ్చిన నిబంధనావళి కాగితాలు తిరగేశాడు. లేదు.

అప్పలకొండ నలుగురు మనుషుల్ని, నాలుగు ఇనప గొట్టాల్ని తెచ్చాడు. స్తంభం అడుగున చుట్టూ కోసి, గోనెలు కట్టి, గొట్టాల మీదికెక్కించి, పెరటి మెట్టు మీద చెక్కలేసి, పెళ్ళికూతుర్ని సాగనంపినంత మెల్లగా నడిపించి, పెరట్లో బట్టలుతికే బండ పక్కన నిలబెట్టి చుట్టూ సిమెంటు వేశాడు. మీటరు దాని ఇటుకల మీద ఎప్పట్లానే ఉంది. దండ కూడా వాడలేదు. గొలుసు, బోర్డు, బకెట్లు, రేకు కప్పు, ప్రవేశ పుస్తకం అన్నీ అక్కడికే మార్చారు. సాయంత్రానికి వంటింటి గుమ్మం యాభై ఒక్క అంగుళాలుంది.

సిమెంటు ధూళి తుడిచాక వీరవేణి వచ్చింది. గుమ్మం ముందు ఆగింది. "మీరు అటు తిరగండి" అంది మొగుడితో. గవర్రాజు అటు తిరిగాడు. చక్రాలు గచ్చు మీద దొర్లిన చప్పుడు విన్నాడు. ఎక్కడా గోడకి రాసుకోలేదు. తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక డబ్బా మూత తీసిన చప్పుడు, "ఈ మినప్పప్పులో పెసరపప్పు ఎవరు కలిపారండీ?" అన్న కేక. గవర్రాజు వసారాలోనే నిలబడ్డాడు. ఎత్తడానికీ, అందించడానికీ, గరిటె పట్టుకోడానికీ ఎవరూ పిలవలేదు. చేతులు ఏం చెయ్యాలో తెలియక రెండూ కట్టుకున్నాడు. లోపల ఆవాలు చిటపటలాడాయి.

అలా రెండు నెలలు గడిచాయి.

ఒక ఉదయం ప్రభంజనరావుగారు, జోగారావు, సామాన్లు మోసే ఇద్దరు మనుషులు వచ్చారు. ప్రభంజనరావుగారి చేతిలో ఎర్రదారం కట్టిన ఫైలుంది. ముఖం వెలిగిపోతోంది.

"మీ స్థానచలన అభ్యర్థనని సంస్థ సానుభూతితో పరిశీలించింది. ప్రత్యేక సందర్భంగా భావించి మంజూరు చేసింది. నేను స్వయంగా మూడుసార్లు హెడ్డాఫీసుకి వెళ్ళాను, గవర్రాజుగారూ." నిజంగానే వెళ్ళారు. ఆయన కళ్ళ కింద ఆ ప్రయాణాల అలసట ఉంది.

"ఎవరండీ?" అని లోపల్నుంచి వీరవేణి.

"గ్యాసువాళ్ళు. మీటరు జరపడానికొచ్చారు."

లోపల గిన్నె దించిన చప్పుడు. "కూచోమనండి. కాఫీ పెడుతున్నా."

ప్రభంజనరావుగారు వసారాలోకి వచ్చి గోడ చూశారు. గోడ మీద, మంజూరైన చోటనే, మీటరుంది. ఆయన ఆదేశం తీసి చదువుకున్నారు. గోడ చూశారు. మళ్ళీ చదువుకున్నారు.

"దీన్నెవరు కదిపారు?"

"ఎవరూ కదపలేదండి. అది కొత్తది. పాతది పెరట్లో ఉంది, దాని స్థానంలో అది."

ఆయన పెరట్లోకి వెళ్ళారు. గొలుసు ఉంది, బోర్డు ఉంది, బకెట్లలో ఇసక ఉంది. ప్రవేశ పుస్తకం తెరిచారు. రెండు నెలలుగా ఎవరూ ప్రవేశించలేదు. మీటరు ఇటుకల్ని వదల్లేదు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. వెనక్కి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, ఆలోచనలో పడ్డారు. ఆదేశం ఇచ్చిన చోట ఇంకో మీటరుంది. జరపాల్సిన మీటరు మునుపున్న చోట లేదు. అమలు చెయ్యకపోతే ఫైలు మూయడానికి వీల్లేదు.

"సార్" అన్నాడు జోగారావు మెల్లగా, "గోడ మీద మీటరు ఉండాలన్నారు. ఉంది కదండీ."

ప్రభంజనరావుగారు ఆ మాటని కొంతసేపు రుచి చూశారు. కలం తీసి, గుమ్మం గోడకి ఫైలు ఆనించి, రాశారు. 'స్థానచలనం విజయవంతంగా పూర్తయినది.' కింద సంతకం చేసి, తేదీ వేసి, వెనక నుంచి చక్రాల చప్పుడు వినిపిస్తే తిరిగి చూశారు.

వీరవేణి ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో అయిదు గ్లాసుల కాఫీ, రెండు చేతులూ చక్రాల మీద. గుమ్మం సరిగ్గా మధ్యలో ఆయన నిలబడి ఉన్నారు.

"కొంచెం జరగండి సార్" అంది. "దారికడ్డం."

ప్రభంజనరావుగారు వెంటనే జరిగారు.